పచ్చదీపం పడేదాకా

పందొమ్మిది వందల డెబ్భై నాలుగు మే నెలలో పోలీసులు మా నాయన కోసం మద్రాసు వ్యాసర్పాడి అంతా గాలిస్తుంటే, ఆయన అంతరిక్షంలో ఉన్నాడు.

రోజుకు రెండాటలు. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఏసీ హాల్లో నాలుగో వరస, పక్క తలుపు దగ్గర సీటు.

మా నాయన వీరరాఘవులు ఆవిరింజను డ్రైవరు. ఆ ఏడాది రైల్వే సమ్మె ఇంకా మొదలు కాకముందే అరెస్టులు మొదలయ్యాయి. నాయన పెద్ద నాయకుడేమీ కాదు. షెడ్డు గేటు ముందు మీటింగుల్లో మిగతావాళ్లు వెనక్కి తగ్గినప్పుడు మైకు పట్టుకున్నాడు, అంతే. ఆ అంతే చాలింది. మైకు పట్టుకున్నవాళ్లను జైల్లో వేస్తున్నారు. జైల్లో పడినవాళ్లకు ఉద్యోగం తీసేసినట్టు కాగితం వస్తోంది. కాగితం వెనకాలే క్వార్టర్సు ఖాళీ చెయ్యమని మనిషి వస్తున్నాడు. సమ్మె ముగిసేదాకా దొరక్కుండా ఉంటే మళ్లీ డ్యూటీలో చేరొచ్చు. దొరికితే ఇల్లూ లేదు, ఇంజనూ లేదు.

వాళ్లు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు తెల్లారి అమ్మ ముగ్గు వేస్తోంది. నాయన అప్పటికే పెరటి గోడ దూకి బొగ్గు యార్డు వైపు పోయాడు.

"మీ ఆయన ఏడమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"డ్యూటీకి పోయినాడు," అంది అమ్మ, ముగ్గు గిన్నె కింద పెట్టకుండా.

"సమ్మె నోటీసు ఇచ్చి డ్యూటీ ఏంది?"

"అది ఆయన్నే అడగండి సార్. యాడికి పోతాడో నాకు చెప్పే మనిషైతే ఇన్నేళ్లలో ఒక్కపూటన్నా అన్నం టయానికి వచ్చుండడా?"

ఇన్‌స్పెక్టరు వెంట వచ్చిన కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక వీధి వైపు తిరిగాడు. అమ్మ పేరు మంగ. ఆమెను ప్రశ్నించి సమాధానం రాబట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు.

అసలు దెబ్బ పోలీసుల నుంచి రాలేదు. ఆ మధ్యాహ్నం వచ్చింది. ఆరుముగం సమ్మెలోకి రానని డ్యూటీకి పోయాడని పక్కింటి మునియక్క చెప్పింది.

ఆరుముగం మా నాయన ఇంజనులో ఫైర్‌మన్. బొయిలరులోకి బొగ్గు వేసే మనిషి. ఏళ్ల తరబడి వాళ్లిద్దరిదీ ఒకే ఇంజను, ఒకే టిఫిన్ డబ్బా. తమిళం, తెలుగు కలిపి మాట్లాడేవాడు. అమ్మను వదినా అనేవాడు, నన్ను పాపా అనేవాడు. వాడి గురించి నాయన ఊరంతా చెప్పుకునే గొప్ప ఒకటుంది. ఆవిరింజనుకు ముందు పొడుగాటి బొయిలరు అడ్డం ఉంటుంది. పట్టాలు ఎడమకు తిరిగినప్పుడు కుడి పక్క నిలబడిన డ్రైవరుకు సిగ్నలు కనపడదు. ఎడమ పక్క ఉన్న ఫైర్‌మనే చూసి, రంగు గట్టిగా చెప్పాలి. డ్రైవరు అదే మాట తిరిగి చెప్పాలి. "రెడ్" అంటే "రెడ్". "గ్రీన్" అంటే "గ్రీన్". ఎవరు ముందు చూస్తే వాళ్లు చెబుతారు, రెండోవాడు పలుకుతాడు. పలికేదాకా చేతులు కదలవు.

"ఆరుముగం కండ్లు మంచివి. వాడు గ్రీన్ అన్నాడంటే నేను చూడకపోయినా పోతా," అనేవాడు నాయన.

ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, మౌంట్ రోడ్డు దాటేటప్పుడు కూడా నాయన సిగ్నలు చూసి "రెడ్" అని పైకి అనేవాడు. అమ్మ తిరిగి "రెడ్" అనాలి. తరువాత "గ్రీన్". అమ్మ అనకపోతే ఆయన అడుగు కదిపేవాడు కాదు. వెనక జనం తిట్టుకుంటూ తోసేవాళ్లు. "నీతో సినిమాకి పోయేదానికంటే ఆ ఇంజను కింద పడేది మేలు," అనేది అమ్మ.

ఆరుముగం డ్యూటీకి పోవడానికి కారణం మాకందరికీ తెలుసు. వాడి భార్య రాసాత్తికి నెలలు నిండాయి. క్వార్టర్సు పోతే కాన్పు రోడ్డు మీదే. అయినా యార్డులో దాక్కున్న నాయనకు నేను అన్నం తీసుకెళ్లి ఆ కబురు చెప్పినప్పుడు ఆయన ముద్ద కిందపెట్టాడు.

"వాడి పేరు ఇంక ఎత్తొద్దు," అన్నాడు.

యార్డులో ఎక్కువ రోజులు ఉండటం కుదరదు. ఎక్కడ దాచాలి? చుట్టాలందరి ఇళ్లూ పోలీసులు చూసేశారు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది.

నేను నుంగంబాకంలో ఒక ఫిలిం సొసైటీలో పని చేసేదాన్ని. పొద్దున టైపు చేయడం, ఆట వేళకు తలుపు దగ్గర నిలబడి సభ్యుల కార్డులు చూడటం. సొసైటీకి టికెట్లు ఉండవు, సభ్యత్వమే. మేము వేసే విదేశీ సినిమా బొమ్మలకు సెన్సారు కత్తెర పడదు. అందుకే మా సభ్యుల్లో చాలామంది కళకోసం కాక ఇంకోదానికోసం చేరినవాళ్లు. అలాంటి బొమ్మ వస్తే మెట్ల మీద కూడా చోటుండేది కాదు. ఆ మే నెలలో మాత్రం మా సెక్రటరీ కోదండరాం గారు ఎక్కడెక్కడి కాన్సులేట్లనో బతిమాలి సైన్సు ఫిక్షన్ చిత్రోత్సవం పెట్టారు. ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. మాడ్చేసే కత్తిరి ఎండలకు భయపడి ఏసీలో కూర్చోవడానికి మొదటి రోజు కొంతమంది వచ్చారు. బొమ్మలో ఎవరూ బట్టలు విప్పలేదు, ఎవరూ తుపాకీ పేల్చలేదు. మర్నాటికి హాలు ఖాళీ.

నేను విషయం మొత్తం కోదండరాం గారికి చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆయన ఎవరో నాకు చెప్పొద్దు సీతాలక్ష్మీ. నాకు తెలియకూడదు. ఒక్కటి చెప్పు. చివరిదాకా కూర్చుంటాడా?"

"కూర్చుంటాడు సార్. కూర్చోక తప్పదు."

"మధ్యలో లేచి దగ్గుకుంటూ పోడు కదా?"

"పోడు సార్."

"అయితే కార్డు రాసెయ్. కాన్సులేటు వాళ్లు వచ్చి చూసే లోపల నాకు హాల్లో ఒక్క తలకాయన్నా కనపడాలి."

పరంధామయ్య అన్న పేరు మీద కార్డు రాశాను. నాయన మీసం తీసేశాడు. కోదండరాం గారి పాత చొక్కా ఒకటి తొడుక్కున్నాడు. రాత్రిళ్లు వాచ్‌మన్ గదిలో పడుకునే ఏర్పాటు. మా నాయన పరారీ జీవితం అలా మొదలైంది.

మొదటి బొమ్మలో ఒక ఎండిపోయిన సముద్రం. దాని అడుగున ఒక గాజు ఇల్లు. అందులో ముగ్గురు మనుషులు వేరే గ్రహం నుంచి రావలసిన కబురు కోసం కూర్చుని ఉంటారు. కబురు రాదు. బల్ల మీద గ్లాసులో నీళ్లు నీలం నుంచి బంగారు రంగుకు నెమ్మదిగా మారతాయి. అంతే. ఆ రంగు మారేలోపల నేను రెండు పేజీలు టైపు చేసెయ్యగలను. నాకు అప్పటికే డిటెక్టివ్ నవలల పిచ్చి. అధ్యాయానికొక శవం లేకపోతే పుస్తకం మూసేసేదాన్ని. తలుపు దగ్గర నిలబడి ఆవలింతలు మింగుతున్నాను.

ఆట అయ్యాక నాయనకు టీ తీసుకెళ్లాను. ఆయన ముఖం కడుక్కున్నట్టు తేటగా ఉంది.

"బాగుంది," అన్నాడు.

"ఏం బాగుంది నాయనా? ఏమీ జరగలేదు గదా."

"జరగలేదు గాబట్టే బాగుంది. ఇంజన్లో నేను చేసేదేంది? పట్టా చూస్తా. గంటలు గంటలు పట్టానే చూస్తా. ఏమీ జరగలేదంటే ఆ పొద్దు మంచి డ్యూటీ. ఏమన్నా జరిగిందంటే ఎవురో చచ్చినారని అర్థం." టీ ఊదుకున్నాడు. "ఆ నీళ్ల రంగు చూసినావా? తెల్లారేటప్పుడు ఎన్నూరు కాడ ఏరు అట్టే ఉంటది. ఇన్నేళ్లు దాటినా గాని, ఆగి చూసింది లేదు."

రెండో బొమ్మలో మంచు నేల మీద నుంచి ఆకాశంలోకి కురిసింది. ఒక ముసలావిడ జనం లేని నగరంలో ఒక్కొక్క కిటికీలో ఒక్కొక్క దీపం పెట్టుకుంటూ పోయింది.

"ఆమె ఎవురి కోసం పెడతాంది?" అని అడిగాడు నాయన.

"తెలీదు నాయనా. కింద ఇంగ్లీషు అక్షరాలు కూడా వేయలేదు."

"పోనీలే. పెట్టేదైతే పెడతాంది గదా."

రోజులు గడిచాయి. బయట రైళ్లు ఆగిపోయాయి. జార్జి టౌనులో సరుకు దిగక కూరగాయల ధర పెరిగిందని జనం తిట్టుకుంటున్నారు. పోలీసులు మా ఇంటికి మళ్లీ మళ్లీ వచ్చారు. క్వార్టర్సు ఖాళీ చెయ్యమని మా వరసలో చాలామందికి చెప్పేశారు, మాకు ఇంకా చెప్పలేదు. అమ్మ సామాన్లు మూట కట్టి గుమ్మం దగ్గర పెట్టుకుని వంట మాత్రం మామూలుగా చేసేది. నేను రాత్రి ఇంటికి పోతే ఆమె మొదట అడిగే ప్రశ్న, "ఈ పొద్దు ఏ లోకంలో ఉన్నాడు?"

"చంద్రుడి అవతల."

"అన్నం తిన్నాడా ఆడ?"

చివరి రోజు మధ్యాహ్నం ఆట మొదలైంది. నాయన లోపల ఉన్నాడు. నేను కార్డులు సర్దుతుంటే ఇద్దరు మెట్లెక్కి వచ్చారు. ముందున్నవాడి జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది, ఎర్ర బూట్లు. మామూలు చొక్కా వేసుకున్నా మనిషి మామూలుగా లేడు. జేబులోంచి తీసి చూపించిన కార్డు మా సొసైటీది కాదు.

వెనక తల దించుకుని ఆరుముగం.

ఆ పోలీసాయనకు నాయన ముఖం తెలియదు. ఆరుముగానికి తెలుసు. డ్రైవరు కూతురు ఎక్కడ పని చేస్తుందో కూడా తెలుసు. నేను వాడి వైపు చూశాను. వాడు చూడలేదు.

"రాసాత్తి ఎట్టుంది?" అన్నాను.

పోలీసాయన సమాధానం చెప్పాడు. "ఆమెకేం అమ్మా, ఇంట్లోనే ఉంది. ఇంట్లోనే ఉండాలంటే ఈయన కొంచెం సాయం చెయ్యాలి కదా."

తలుపు తీశాను. తీయక ఏం చేస్తాను? వాళ్లు చీకట్లో తడుముకుంటూ ఏడో వరసలో కూర్చున్నారు. నాయనకు మూడు వరసలు వెనక. పోలీసాయన ఆరుముగంతో అన్న మాట నాకు వినపడింది.

"లైట్లు వేసినాక చూపించు."

ఇప్పుడు నేను రాసే నవలల్లో అయితే హీరోయిన్ ఫ్యూజు పీకేస్తుంది, లేదా మంట పెడుతుంది. నేను తలుపుకు వీపు ఆనించి నిలబడిపోయాను. నాయన దగ్గరికి పోతే నేనే చూపించినట్టు. పోకపోతే బొమ్మ అయిపోయి లైట్లు వెలుగుతాయి. హాల్లో ఉన్నది పిడికెడు మంది. ఆ పిడికెడులో మా నాయన ఒకడు.

తెర మీద ఒక మనిషి నల్లటి బయలులో నడుస్తున్నాడు. ఏదో చందమామ. ఆకాశం ఊదారంగు. నేల మీద రెండు వెండి గీతలు పట్టాల్లాగా దూరంగా పోతున్నాయి. అతన్ని ఇంటికి తీసుకుపోవలసిన ఓడ ఆ చివర ఎక్కడో ఉంది. నడుస్తున్నాడు. నడుస్తున్నాడు. సంగీతం లేదు. అడుగుల చప్పుడు కూడా లేదు. నా జన్మలో ఏ బొమ్మా ఇంకాసేపు సాగాలని నేను కోరుకోలేదు. ఆ రోజు కోరుకున్నాను. ఇంకాస్త నెమ్మదిగా నడువు సామీ, నీ కాళ్లకు దండం పెడతా, అనుకున్నాను.

దేవుడు మొదట పోలీసాయన మీద దయ చూపించాడు. ఎండలో తిరిగి తిరిగి వచ్చిన మనిషి. చల్లగా ఏసీ. తల పక్కకు వాలింది. గురక సన్నగా మొదలైంది.

ఆరుముగం నిద్రపోలేదు. ముందు కుర్చీని రెండు చేతులతో పట్టుకుని తెరనే చూస్తున్నాడు.

అప్పుడు ఆ బయలు చివర, ఊదారంగు ఆకాశం నేలను తాకే చోట, ఒక ఎర్ర చుక్క పుట్టింది. ఓడ మీది దీపం. ఎంత చిన్నదంటే నాకు వెంటనే కనపడలేదు.

నాయనకు కనపడింది.

"రెడ్," అన్నాడు.

పైకే అన్నాడు. పక్కన ఎవరూ లేరన్న సంగతి ఆయనకు గుర్తు లేదు. అలవాటు.

వెనక నుంచి వెంటనే జవాబు వచ్చింది.

"రెడ్."

అదీ అలవాటే. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక ఆరుముగం చేత్తో నోరు మూసుకోవడం చూశాను.

నాయన భుజాలు బిగుసుకున్నాయి. తిరగలేదు. ఏళ్ల తరబడి ఎడమ పక్కన విన్న గొంతు. తిరిగి చూడవలసిన పని లేదు.

తెర మీద మనిషి ఆగాడు. దీపం ఎర్రగా ఉంటే పోకూడదు కాబోలు. నిలబడ్డాడు. ఎర్రటి వెలుగు మెల్లగా అతని ముఖం మీదికి, అక్కడి నుంచి తెరంతా, తెర నుంచి హాలంతా పరుచుకుంది. ఆ వెలుగులో నాయన తల వెనక భాగం, ఆరుముగం తడి కళ్లు, పోలీసాయన తెరిచిన నోరు అన్నీ నాకు కనపడుతున్నాయి. ఎవరూ కదల్లేదు. వాడు భుజం తడితే చాలు, పోలీసాయన లేస్తాడు. రాసాత్తి కాన్పు ఇంట్లోనే అవుతుంది.

ఎంతసేపో నాకు తెలియదు. అంతకంటే పొడుగాటి సన్నివేశం నేను ఎక్కడా చూడలేదు.

దీపం రంగు మారింది.

ఈసారి గొంతు వెనక నుంచి ముందు వచ్చింది. చాలా మెల్లగా.

"గ్రీన్... అన్నా."

నాయన పలకాలి. పలికితే అది తనేనని ఒప్పుకున్నట్టు. పలకకుండా కదలడం ఆయనకు చేతకాదు.

"గ్రీన్," అన్నాడు నాయన.

లేచాడు. పక్క తలుపు తోసుకుని బయటికి పోయాడు. ఒక్క క్షణం మే నెల ఎండ కత్తిలా హాల్లో పడి మళ్లీ మాయమైంది.

పోలీసాయన ఉలిక్కిపడి కళ్లు నులుముకున్నాడు. "ఏంది ఆ వెలుతురు?"

"బొమ్మలో సార్," అన్నాడు ఆరుముగం.

నేను ముందు తలుపు నుంచి జారుకుని హాలు చుట్టూ పరిగెత్తాను. నాయన వేపచెట్టు కింద నిలబడి తలకు తువ్వాలు చుట్టుకుంటున్నాడు.

"వాడి పక్కన పోలీసాయన ఉన్నాడు నాయనా," అన్నాను.

"ఊఁ." తువ్వాలు బిగించాడు. "ఎన్నూరుకు పోతుండా. చేపలు పట్టే చిన్నప్ప ఇంట్లో ఉంటా. రాసాత్తికి కాన్పు ఎప్పుడో కనుక్కో. మీ అమ్మను పోయి ఆడ తోడుండమను."

అంతే అన్నాడు. వాడి పేరు మాత్రం ఎత్తలేదు.

నేను తిరిగి వచ్చేసరికి లైట్లు వెలిగాయి. పోలీసాయన ఒక్కొక్క ముఖం చూసుకుంటూ వచ్చాడు. "ఉన్నాడా?"

"లేడు సార్," అన్నాడు ఆరుముగం.

పోతూ పోతూ పోలీసాయన నా దగ్గర ఆగాడు. "ఈ బొమ్మలు ఇంకెన్ని రోజులుంటాయమ్మా?"

"ఈ రోజే ఆఖరు సార్."

"బతికించావు," అన్నాడు.

ఆ నెలాఖరులోపల సమ్మె విరమించారు. నాయన ఎన్నూరు నుంచి చేపల వాసనతో ఇంటికి వచ్చాడు. సర్వీసులో కోత పెట్టి డ్యూటీలోకి తీసుకున్నారు. క్వార్టర్సు మిగిలింది. అమ్మ మూటలు విప్పింది. రాసాత్తికి ఆడపిల్ల పుట్టింది, వాళ్ల ఇంట్లోనే. వేన్నీళ్లు కాచింది మా అమ్మే. ఆ పోలీసాయనకు ఇంకా పెద్ద తలకాయలు దొరికి ఉంటాయి, ఆరుముగం సంగతి మరిచిపోయాడు.

డ్యూటీకి పోయే మొదటి పొద్దున అమ్మ డబ్బా కడుతూ అడిగింది.

"ఇంతా అయినాక వాడి మొగం ఎట్ట చూస్తావయ్యా?"

"మొగం చూసేదేముంది మంగా. నేను కుడి పక్క, వాడు ఎడమ పక్క. ఇద్దరం ముందరికే చూస్తాం."

అమ్మ డబ్బాలో ఇంకో మనిషికి సరిపడా అన్నం పెట్టింది.

ఆ రోజు నేను వాళ్లకు మజ్జిగ తీసుకుని షెడ్డు దగ్గరికి పోయాను. ఇంజను ఇంకా వేడెక్కుతోంది. ఇద్దరూ కింద ఇనుప పెట్టె మీద కూర్చుని ఒకే డబ్బాలో తింటున్నారు. నాయన చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఇంజను వైపే చూశాడు. అప్పుడు అడిగాడు.

"ఆ బొమ్మ కడాకి ఏమైందిరా?"

ఆరుముగం తల ఎత్తాడు. నిజమే. మా ముగ్గురిలో చివరిదాకా కూర్చున్నది వాడొక్కడే.

"ఏమీ కాలా అన్నా," అన్నాడు. "ఆ మనిషి ఆడనే నిలబడినాడు."

"గ్రీన్ పడినాక గూడానా?"

"ఆమా. గ్రీన్ పడినాక గూడా. చానా సేపు. ఓడ రెడీగా ఉంది, తలుపు తెరిచి ఉంది. వెనక్కి తిరిగి చూసినాడు."

"ఎందుకంట?"

ఆరుముగం మజ్జిగ చెంబు అటూ ఇటూ తిప్పాడు. "వెనక ఇంకొకడు రావాల కదన్నా. వాడు వస్తాడేమో అని."

నాయన లేచాడు. ఇంజను మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి చూడకుండానే చెయ్యి కిందికి చాచాడు. ఆరుముగం ఆ చెయ్యి పట్టుకుని ఎక్కాడు.

ఆ తరువాత నేను చాలా నవలలు రాశాను. ఛేజులు, హత్యలు, పేజీ తిప్పితే పేలుడు. వాటి మీద ఇల్లు కట్టాను. కానీ ఏ శవమూ లేని, ఏ తుపాకీ పేలని ఆ నిదానపు బొమ్మలకు నేను రుణపడి ఉన్నాను. అవి ఇంకాస్త చురుగ్గా ఉండి ఉంటే ఆ పోలీసాయన మేలుకుని ఉండేవాడు. వాటిని తీసినవాళ్ల పేర్లు నాకు నోరు తిరగవు. అయినా దండం పెట్టుకుంటాను.

కొన్నేళ్లకు ఆ ఓడ దీపం బొమ్మ రీళ్ల పెట్టె మళ్లీ మద్రాసు వచ్చింది. నాయన అప్పటికి రిటైరయ్యాడు. మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కలేక నన్నొక్కదాన్నే పంపించాడు. పాత హాలు, పాత తలుపు. ఈసారి సీట్లో కూర్చుని చివరిదాకా చూశాను.

దీపం పచ్చగా మారింది. ఆ మనిషి నిలబడలేదు. వెనక్కి తిరగలేదు. ఒక్క పరుగున పోయి ఓడ ఎక్కాడు. తలుపు మూసుకుంది. దీపం ఆరిపోయింది. తెర నల్లబడింది.

నేను చాలాసేపు కుర్చీలోనే ఉండిపోయాను. లైట్లు వేసి, కుర్చీలు సర్దేవాళ్లు వచ్చి అడిగేదాకా.

ఇంటికి వచ్చేసరికి నాయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పక్కన ఆరుముగం కూతురు వాళ్ల నాన్న పంపిన మామిడికాయలు బుట్టలోంచి తీసి పెడుతోంది.

"చూసినావా?" అన్నాడు నాయన. "ఆరుముగం చెప్పినట్టే ఉందా కడా?"

"అట్టే ఉంది నాయనా."

ఆయన తృప్తిగా తల ఊపాడు. బుట్టలోంచి ఒక కాయ తీసుకుని వాసన చూశాడు.

"నేను చెప్పలా," అన్నాడు. "వాడి కండ్లు మంచివి."